ఒక లీటరు పాలు ఎవరికి ముందు?

(స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవములలో వైద్యసేవను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ఆసుపత్రుల చరిత్ర చెప్పమంటారేమో అనుకొన్నాను. ఆ చరిత్ర నాకన్న బాగా తెలిసినవారు ఈ సంచికలో వ్రాస్తున్నారు. గనుక నేను ఒక్క సంగతినే తీసుకొంటాను. అది దానముగా వచ్చిన తల్లిపాలు. ఒక తల్లి తన బిడ్డ త్రాగగా మిగిలిన పాలను మరొక తల్లి బిడ్డ కొరకు ఇస్తుంది. ఆ పాలను పరీక్షించి, వేడిచేసి, గడ్డకట్టించి, అవసరమైన శిశువుకు అందించే చోటును తల్లిపాల బ్యాంకు అంటారు. ఇది మగవారు వినవలసిన మాట కాదనుకొని ఎవరైనా లేవబోతుంటే దయచేసి కూర్చోండి. ఆసుపత్రి బిల్లు కట్టేది, అర్ధరాత్రి ఆటో మాట్లాడేది, "పరాయి పాలు మాకు వద్దు" అని వార్డు గుమ్మము దగ్గర చెప్పేది ఎక్కువగా మనమే.

నేను వైద్యుడను కాను. వేదాంత కళాశాలలో నాకు గ్రీకు భాష నేర్పినారు గాని పాలసీసా ఎట్లు మరగబెట్టాలో నేర్పలేదు. ఆసుపత్రి వార్డులకు పరామర్శకు వెళ్లినప్పుడు డాక్టర్లను, నర్సులను అడిగి తెలుసుకొన్నవి, తరువాత చదువుకొన్నవి మీ ముందు పెడుతున్నాను.

పాలు చాలడము లేదన్నది అందరూ చెప్పే మాట. అది నిజమే. కాని ఉన్న పాలు ఎవరికి ముందు పోవాలి, ఎవరి దగ్గర ఆగాలి అన్న సంగతి అంతగా వినబడదు. ఈ సాయంకాలము నేను ఎక్కువసేపు దానిమీదనే నిలబడతాను.

ఈ పద్ధతి కొత్తది కాదు. మొదటి తల్లిపాల బ్యాంకు 1909లో ఆస్ట్రియా దేశపు వియన్నా నగరములో ఏర్పడినది. మరుసటి సంవత్సరమే అమెరికాలోని బోస్టనులో ఒకటి వచ్చినది. అంతకుముందు బిడ్డకు తల్లి లేకపోతే పాలిచ్చే దాదిని ఇంటికి పిలిపించేవారు. మోషేకు జీతమిచ్చి పెట్టిన దాది అతని కన్నతల్లియే అయిన కథ మనకందరికీ తెలుసు. 1980 తరువాతి సంవత్సరములలో ఎయిడ్స్ భయము వచ్చి అమెరికాలో చాలా బ్యాంకులు మూతబడినవి. దాతల రక్తపరీక్షలు, పాలను వేడిచేసే పద్ధతి గట్టిపడిన తరువాత అవి తిరిగి లేచినవి. అటువంటి రోజులలోనే, 1989 నవంబరు 27న బొంబాయిలోని సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ గారు తల్లిపాల బ్యాంకు తెరిచినారు. ఆసియా ఖండములో అదే మొదటిది. అది పెద్ద ధనికుల ఆసుపత్రి కాదు, ధారావి బస్తీకి దగ్గరనున్న మునిసిపల్ ఆసుపత్రి. మన హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి అనే పేరుతో తల్లిపాల బ్యాంకు 2017లో వచ్చినది. అదే సంవత్సరము కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇటువంటి కేంద్రములు ఎట్లు నడపాలో మార్గదర్శకములు కూడ విడుదల చేసినది.

ఇక ఈ పాలు ఎందుకంత అవసరము? 2020వ సంవత్సరములో మన దేశములో 30 లక్షల మంది బిడ్డలు నెలలు నిండకుండ పుట్టినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రపంచములో మరి ఏ దేశములోను ఇంతమంది లేరు. వీరిలో మరీ చిన్నవారు, అంటే కిలో, కిలోన్నర బరువులోపు వారు, చప్పరించలేరు, మ్రింగలేరు. ముక్కులోనుండి కడుపులోనికి సన్నని గొట్టము వేసి పాలు పోస్తారు. వారి పేగులు ఇంకా పచ్చివి. ఆ పేగులు వాచి, చచ్చుపడి, కుళ్లిపోయే జబ్బు ఒకటి ఉన్నది. అది వచ్చిన బిడ్డలలో కొందరికి కడుపు కోయవలసి వస్తుంది, కొందరు దక్కరు. డబ్బాపాలు పోసిన పసికందులకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని అనేక పరిశోధనలు చెప్పినవి. 2024లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధనలో, అతి చిన్న శిశువులలో డబ్బాపాలు పొందినవారిలో నూటికి 9 మందికి, దానపు పాలు పొందినవారిలో నూటికి 4 మందికి ఈ జబ్బు వచ్చినది. అదే పరిశోధనలో మరి రెండు సంగతులు కూడ తేలినవి, వాటిని దాచకూడదు. దానపు పాలమీద పెరిగినవారి బరువు కొంచెము నెమ్మదిగా పెరిగినది. రెండేండ్లకు పరీక్షించినప్పుడు బుద్ధి వికాసములో రెండు వర్గములకు తేడా కనబడలేదు. కాబట్టి దానపు పాలు అమృతమని, డబ్బాపాలు విషమని నేను చెప్పను. మరీ చిన్న బిడ్డ పేగును కాపాడటము, అది దాని ముఖ్యమైన పని. ఈ మాట గుర్తుంచుకొంటే ఎవరికి ముందు ఇవ్వాలన్న ప్రశ్నకు సగము జవాబు దొరికినట్లే.

కన్నతల్లి పాలు మొదటివి, అవి లేనప్పుడు దానపు పాలు, అవి కూడ లేనప్పుడు డబ్బాపాలు. తక్కువ బరువు బిడ్డలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పిన వరుస ఇది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాము. ఇక్కడ బడి పంతుళ్లు చాలామంది ఉన్నారు, తప్పులుంటే పట్టుకోండి. కిలో బరువుతో పుట్టిన బిడ్డకు మొదటి రోజులలో రోజుకు సుమారు 20 మిల్లీలీటర్ల పాలతో మొదలుపెడతారు. రెండు గంటలకొకసారి పోస్తే ప్రతిసారి టీచెంచాలో మూడవ వంతు. అంటే ఒక లీటరు పాలు అటువంటి బిడ్డలు 50 మందికి ఒక రోజు సరిపోతవి. బిడ్డ పాలు అరిగించుకొంటున్నకొద్దీ కొలత పెంచుతూ కిలోకు 160 మిల్లీలీటర్ల వరకు తీసికొని పోతారు. అప్పుడు అదే లీటరు ఒక్క బిడ్డకు ఆరు రోజులు వస్తుంది. నెలలు నిండి మూడు కిలోలతో పుట్టిన బిడ్డ సంగతి చూడండి. కడుపునిండ త్రాగితే రోజుకు 450 మిల్లీలీటర్లు. ఆ లీటరు అతనికి రెండు రోజులు దాటి రాదు. పైగా అతని పేగులు గట్టివి. ఆ జబ్బు అతనికి రావడము అరుదు.

యాభై మంది బిడ్డలకు మొదటి రోజు పాలు కావలసినవి, ఒక్క ఆరోగ్యవంతుని రెండు రోజుల ఆకలికి పోవచ్చును. ఇది ఎవరి దుర్మార్గము వలనా జరగదు. అడిగినవానికి ఇచ్చే మంచితనము వలననే జరుగుతుంది. ఒక ఆసుపత్రిలో నేను కన్నులారా చూచినాను, ఊరి పేరు చెప్పను. పలుకుబడిగల కుటుంబములో మనుమడు పుట్టినాడు. కోడలికి పాలు పడడము ఒక రోజు ఆలస్యమైనది. ఒక్క ఫోను వచ్చినది, ఫ్రీజరులోని సీసాలు పైఅంతస్తులోని ప్రత్యేక గదికి పోయినవి. ఆ రాత్రి పల్లెనుండి తెచ్చిన 900 గ్రాముల ఆడబిడ్డకు డబ్బాపాలు కలిపినారు. ఆ బిడ్డకు ఏ కీడు కలుగలేదు, ఇప్పుడు బడికి పోతున్నది. కాని ఆ రాత్రి పనిలోనున్న నర్సమ్మ నాతో ఒక మాట అన్నది: "అయ్యగారూ, గోడమీద ఒక కాగితము ఉండి ఉంటే, నేను ఆ కాగితము చూపించేదానను. కాగితము లేనప్పుడు నా నోటితో లేదని ఎట్లా చెప్తాను?"

ఆమె అడిగిన కాగితమే నేను అడుగుతున్నాను.

మనది కాలువ సేద్యమెరిగిన ప్రజ. తూము దగ్గరి పొలమువాడు ఇష్టము వచ్చినట్లు తడుపుకొంటే కాలువ చివరి ఎకరము ఎండుతుందని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే నీటికి వంతులు పెట్టుకొన్నారు. నీరు నిండుగా ఉన్నప్పుడు ఒక రకము వంతు, తగ్గినప్పుడు ఇంకొక రకము వంతు. పాలకు కూడ అట్లే ఉండాలి. ఫ్రీజరులో పాలు నిండుగా ఉన్నప్పుడు తల్లి జబ్బుపడిన బిడ్డకు, పేగు ఆపరేషను అయిన బిడ్డకు, తల్లి లేని బిడ్డకు, కవలలలో పాలు చాలని రెండవవానికి అందరికీ ఇవ్వవచ్చును. ఒక గీత క్రిందికి దిగినప్పుడు కిలోన్నర లోపువారికి మాత్రమే. ఇంకొక గీత క్రిందికి దిగితే కిలో లోపువారికి, అదీ మొదటి రోజుల పాలకు మాత్రమే. ఆ గీతలు ఎన్ని సీసాల దగ్గర గీయాలో, ఏ బరువు దగ్గర ఆపాలో డాక్టర్లే చెప్పాలి, అది పాస్టరు పని కాదు. అయితే అది ఫోను రాకముందే నిర్ణయించాలి. ఎప్పుడు ఆపాలో కూడ ముందే వ్రాయాలి. ఇవ్వడము మొదలుపెట్టినప్పటికన్న ఆపేటప్పుడే గొడవ వస్తుంది. "నిన్నటి వరకు ఇచ్చినారు కదా, ఈ రోజు మా బిడ్డ ఏమి పాపము చేసినది?" అని అడిగే తండ్రికి, మొదటి రోజే చెప్పియుంటే, ఆ ప్రశ్న రాదు. కొన్ని సీసాలు రాత్రి కాన్పుల కొరకు విడిగా ఉంచాలి. తొందరపడి పుట్టేవారు ఆఫీసు వేళలు చూచి పుట్టరు.

కొందరు అడుగుతారు, ముందు వచ్చినవారికి ముందు అంటే న్యాయము కాదా అని. రేషను షాపులో న్యాయమే. ఇక్కడ ముందు వచ్చేది పట్టణములో ఉన్నవాడు, కారున్నవాడు. పల్లెనుండి మూడు ఆసుపత్రులు తిరిగి వచ్చినవాడు ఎప్పుడూ చివరివాడే, అతని బిడ్డే అందరికన్న చిన్నది.

పాలు ఎవరికి పోతున్నవో చూచినాము. పాలు ఎక్కడ పోతున్నవో కూడ చూడాలి. ఈ సంగతి నాకు తెలిసినప్పుడు ఆశ్చర్యము కలిగినది. తల్లి ఇచ్చిన పాలన్నీ బిడ్డ కడుపునకు చేరవు.

మొదట దాత ఆరోగ్యమును గురించి అడుగుతారు. రక్తములో ఎయిడ్స్, కామెర్లు, సవాయి రోగము లేవని పరీక్ష చేస్తారు. పొగాకు, మద్యము, కొన్ని మందులు వాడేవారి పాలు తీసుకోరు. వచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషములు ఉంచి, వెంటనే చల్లార్చి, తరువాత మైనస్ 20 డిగ్రీలలో గడ్డకట్టిస్తారు. వేడిచేసిన తరువాత కొంచెము పాలు ప్రయోగశాలకు పంపుతారు. సూక్ష్మజీవి ఏదైనా పెరిగితే ఆ పాత్రలోని పాలన్నీ పారబోయాలి. ఇందులో రాజీ లేదు. ఇక్కడనే చేతి శుభ్రత ఎంత విలువైనదో ఆలోచించండి. పలువురు తల్లుల పాలు ఒక పెద్ద పాత్రలో కలిపితే, ఒక్కరి పంపు సరిగా కడగనందున అందరి పాలు నేలపాలు కావచ్చును. కలపకుండా ఎవరివి వారివిగా ఉంచితే ఆ ప్రమాదము తగ్గుతుంది గాని ఇంకొక చిక్కు వస్తుంది. పాలన్నీ ఒకే రకము కావు. నెలలు నిండకుండ కన్న తల్లి పాలలో మొదటి వారములలో మాంసకృత్తులు ఎక్కువ. ఆరు నెలల బిడ్డ తల్లి పాలలో అవి తగ్గియుంటవి. మొదట పిండిన పాలు పలుచన, చివర పిండినవి వెన్నగలవి. ఒక్కరి పాలే ఇస్తే ఒక బిడ్డకు చిక్కనివి, ఒక బిడ్డకు నీళ్లవంటివి రావచ్చును.

కెనడాలోని టొరాంటో నగరపు తల్లిపాల బ్యాంకుతో కలిసి అక్కడి విశ్వవిద్యాలయపు గణితము తెలిసినవారు ఈ చిక్కుమీదనే పనిచేసినారు. ఏ తల్లి పాలు ఏ తల్లి పాలతో కలిపితే ప్రతి పాత్రలోను కొవ్వు, మాంసకృత్తులు తగినంత ఉంటవో కంప్యూటరు చేత లెక్క వేయించినారు. పాలను కొలిచే ఖరీదైన యంత్రము లేని బ్యాంకులకు కూడ, ఎన్నవ నెల పాలు, నెలలు నిండిన కాన్పా కాదా అన్న వివరములనుబట్టి అంచనా వేయవచ్చునన్నది వారి ఆలోచన. అనుభవముగల నర్సమ్మ మనసులో వేసే లెక్కనే వారు కాగితము మీదికి తెచ్చినారు. మనకు కంప్యూటరు తరువాత. ప్రతి సీసామీద తల్లి కన్న తేది, పాలు పిండిన తేది స్పష్టముగా వ్రాసిపెడితే సగము పని అయినట్లే. నెలలు నిండని తల్లుల పాలు వేరే అరలో పెట్టి, నెలలు నిండని బిడ్డలకే ఉంచవచ్చును. దానికి ఖర్చు ఒక స్కెచ్ పెన్ను.

సీసా కొలత గురించి కూడ ఒక మాట. గడ్డకట్టిన పాలు ఒకసారి కరిగిస్తే తిరిగి గడ్డకట్టించకూడదు, ఫ్రిజ్జులో ఒక రోజుకు మించి ఉంచకూడదు. 800 గ్రాముల బిడ్డకు రోజు మొత్తానికి కావలసినవి 16 మిల్లీలీటర్లు. ఆ బిడ్డ కొరకు 100 మిల్లీలీటర్ల సీసా కరిగిస్తే, పంచుకోవడానికి ప్రక్కన వేరే బిడ్డ లేకపోతే, 84 మిల్లీలీటర్లు మోరీలోనికి. ఆ 84లో మరొక తల్లి రెండు పూటల ఓపిక ఉన్నది. కొన్ని చిన్న సీసాలు కొంటే ఆగే నష్టమిది. ముందుగా గడువు తీరే సీసా ముందు వాడటము అనేది మన ఇండ్లలో పచ్చళ్ల జాడీలకు పాటించే నియమమే, ఫ్రీజరులో క్రొత్త సీసాలు ముందర పెట్టినందువలన పాతవి వెనుకనే గడువు దాటిపోతవి. ఒక ఆసుపత్రిలో గడువు దాటుతుంటే ముప్పది మైళ్ల దూరములో ఇంకొక ఆసుపత్రిలో ఒక్క సీసా లేకపోవచ్చును. రెండింటికి కలిపి ఒక లెక్కల పుస్తకము ఉంటే, మంచుపెట్టెలో పెట్టి బస్సులో పంపినా చేరుతవి.

ఇవన్నీ జరిగే పని కాదని మీరు అనుకోకుండా బ్రెజిలు దేశపు సంగతి చెప్తాను. మన జనాభాలో సుమారు ఏడవ వంతే ఉన్న ఆ దేశములో రెండువందలకు పైగా తల్లిపాల బ్యాంకులు ఉన్నవి. అన్నీ ఒకే ప్రభుత్వ వలలో కలిసి పనిచేస్తవి. జుఆవ్ అప్రిజియో గెర్రా ది అల్మైదా అనే రసాయన శాస్త్రవేత్త ఖరీదైన విదేశీ పరికరముల బదులు చౌకవి వెదికినారు. కాఫీపొడి వచ్చే గాజు సీసాలకు ప్లాస్టికు మూత ఉంటే, వాటిని మరగబెట్టి పాలకు వాడతారు. రాజధాని బ్రసీలియాలో అగ్నిమాపక దళమువారు ఇండ్లకు వెళ్లి పాలసీసాలు తెస్తారు. పాల పులుపును కొలిచి, సన్నని గాజుగొట్టములో తిప్పి వెన్న ఎంత తేలినదో చూచి, పులుపు తక్కువ, బలము ఎక్కువ ఉన్న పాలను అందరికన్న చిన్న బిడ్డలకు కేటాయిస్తారు. చూచినారా, అక్కడ కొలత సీసా సంఖ్యను చెప్పుకోవడానికి కాదు, ఏ సీసా ఏ బిడ్డకో తేల్చడానికి. ఇంగ్లండులో రక్తము చేరవేసే మోటారు సైకిలు స్వచ్ఛంద సేవకులు పాలసీసాలను కూడ ఉచితముగా చేరవేస్తున్నారు. మన యౌవనస్థుల కూటములో మోటారు సైకిళ్లకు కొరత లేదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. బ్యాంకుమీద భారము తగ్గించే అన్నిటికన్న పెద్ద ఉపాయము, ఆ బిడ్డ కన్నతల్లి పాలే. 900 గ్రాముల బిడ్డ తల్లికి పాలు రావని చాలామంది అనుకొంటారు. వస్తవి. కాన్పు అయిన మొదటి గంటలలోనే చేతితో పిండడము మొదలుపెట్టి, రాత్రి కూడ విడువకుండ రోజుకు ఎనిమిది సార్లు పిండితే చాలామందికి వస్తవి. మొదటి ముర్రుపాలు రెండు చుక్కలైనా ఆ బిడ్డకు మందే. అయితే ఆ తల్లి ఎక్కడ ఉన్నది? ఆపరేషను చేయించుకొని ఒక ఆసుపత్రిలో పడుకొని ఉంటుంది, బిడ్డ ఇంకొక ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంటుంది. లేదా ఆమెను డిశ్చార్జి చేసి ఇంటికి పంపినారు, రోజూ వచ్చిపోవడానికి బస్సు చార్జీ లేదు. వార్డు వరండాలో కూర్చుని, నలుగురు మగవాళ్ల మధ్య, కొంగు చాటున పాలు పిండమంటే ఎట్లా పిండుతుంది? 2017 నాటి ప్రభుత్వ మార్గదర్శకములలో ఇందుకొరకే చిన్న కేంద్రముల మాట కూడ ఉన్నది. అక్కడ పాశ్చరీకరణ యంత్రము ఉండనక్కరలేదు. తల్లి పాలు పిండి తన బిడ్డకే దాచిపెట్టే ఏర్పాటు, నేర్పే మనిషి, ఒక ఫ్రిజ్జు ఉంటే చాలును. 2021లో ఇండియాతోపాటు ఐదు దేశములలో చేసిన పరిశోధనలో, పుట్టినది మొదలు తల్లిని బిడ్డ దగ్గరనే ఉంచి ఎదకు ఎద ఆనించి పెంచితే మరణములు నాలుగవ వంతు తగ్గినవి. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఒకటి. తల్లి పక్కన ఉంటే పాలు కూడ ఉంటవి. దానపు పాలను, తల్లికి పాలు వచ్చేవరకు దాటించే పడవగా వాడుకోవాలి. ఏ బ్యాంకులో సీసాల ఖర్చు పెరుగుతూ, తల్లులు పిండే పాలు తగ్గుతూ ఉంటే, ఆ బ్యాంకు ఎంత పేరు పొందినా, అక్కడ ఏదో లోపము ఉన్నదని నా అభిప్రాయము.

బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని గురించి మాట్లాడక తప్పదు. సమాధి కార్యక్రమము చేసి వచ్చిన మూడవ రోజున ఆమెకు పాలు పడతవి. మన ఊళ్లలో పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కడతారు. అది ఉత్త నమ్మకము కాదు, 1988లో ప్రచురింపబడిన ఒక వైద్య పరిశోధనలో మల్లెపూలు మాత్రతో సమానముగా పనిచేసినట్లు తేలినది. కొందరు తల్లులు మాత్రము ఆ పాలను ఇవ్వాలని తామే కోరుకొంటారు. కోరుకొన్నవారికి దారి చూపాలి. కోరుకోనివారిని ఎవరూ అడుగకూడదు. ముఖ్యముగా పాస్టరు అడుగకూడదు, ఎందుకంటే పాస్టరు అడిగితే కాదనలేరు. నర్సమ్మ ఒక్కసారి చెప్పి ఊరకుండాలి. ఆమె ఇచ్చిన పాలు ఎవరికి పోయినవో పేరు చెప్పనక్కరలేదు గాని, అవి ఒక బిడ్డకు చేరినవి అన్న మాట ఆమెకు చేరాలి.

"ఎవరి పాలో" అన్న ప్రశ్నకు వస్తాను. మన సంఘములలో కూడ ఈ ప్రశ్న ఉన్నది, లేదని బుకాయించవద్దు. కులము పేరెత్తకుండ "ఏ ఊరివారు, ఏ పేటవారు" అని అడుగుతారు. పాలకు రక్తపరీక్ష ఉన్నది, పేట పరీక్ష లేదు. దాత పేట తెలుసుకొని సీసా ఎంచుకొనే అవకాశము ఏ ఆసుపత్రి ఎవరికీ ఇవ్వకూడదు. అయితే మన ముస్లిము సహోదరుల ప్రశ్న దీనితో కలుపవద్దు, అది వేరు. వారి ధర్మశాస్త్రములో ఒకే స్త్రీ పాలు త్రాగిన బిడ్డలు తోబుట్టువులవుతారు, పెండ్లి చేసుకోకూడదు. గనుక పదిమంది పాలు కలిపి పేరు లేకుండ ఇస్తే వారికి నిజమైన చిక్కు. ఈ కారణముననే 2019లో ఢాకాలో, 2024లో కరాచీలో పెట్టదలచిన బ్యాంకులు ఆగిపోయినవి. 2017లో సింగపూరులో మాత్రము నెలలు నిండని బిడ్డలకు తీసుకోవచ్చునని అక్కడి ముస్లిము మండలి తీర్పు చెప్పినది. హైదరాబాదు, కర్నూలు, గుంటూరు వంటి పట్టణములలో ఈ సంగతిని ముందే ముస్లిము పెద్దలతో కూర్చుండి మాట్లాడుకోవాలి. కోరిన కుటుంబమునకు ఒక్క దాత పాలే కలపకుండ ఇచ్చి, ఎవరో వ్రాసి ఇవ్వవచ్చును. కొంచెము పని పెరుగుతుంది. వార్డులో ఒక బిడ్డ పాలు లేకుండ ఉండటముకన్న అది చిన్న పనే.

డబ్బు సంగతి. పాలు అమ్మకూడదు. మన ఆహార భద్రతా సంస్థ 2024 మే నెలలో, తల్లిపాలను వ్యాపారము చేయడానికి చట్టము ఒప్పుకోదని స్పష్టముగా ప్రకటించినది. పేద తల్లి తన బిడ్డ నోటిదగ్గరి పాలు డబ్బుకొరకు అమ్ముకొనే దినము రాకూడదు గనుక అది మంచిదే. కాని పాలు ఉచితమైనా బ్యాంకు ఉచితము కాదు. రక్తపరీక్షలకు, ప్రయోగశాలకు, ఆగిపోని కరెంటుకు, జీతములకు ఎవరో ఒకరు ఇవ్వాలి. యంత్రము కొనడానికి దాత దొరుకుతాడు, యంత్రముమీద తన పేరు ఉంటుంది గనుక. జనరేటరు డీజిలుమీద ఎవరి పేరూ వ్రాయలేము. శతవార్షిక కానుకలలో కొంత పైకమును ఈ డీజిలుకు, చిన్న సీసాలకు, తల్లుల బస్సు చార్జీలకు కేటాయించాలని మండలి పెద్దలను కోరుతున్నాను. ఆసుపత్రి దగ్గరనున్న మన గుడి ఆవరణలో వారములో ఆరు రోజులు తాళము వేసియుండే గది ఒకటి ఉన్నది. నాలుగు మంచములు, ఒక స్నానపు గది, మధ్యాహ్నము వేడి అన్నము ఉంటే నలుగురు తల్లులు బిడ్డ దగ్గరనే ఉండగలరు. అక్కడ స్త్రీల మైత్రివారికి నేను చెప్పవలసినది లేదు, వంట సంగతి మీకు తెలుసు.

ఇక ఆసుపత్రివారిని మనము అడుగవలసినవి కొన్ని ఉన్నవి, గర్వముతో కాదు, గౌరవముగా అడగాలి. ఈ నెల ఎన్ని లీటర్లు వచ్చినవి అని మాత్రమే అడిగితే వారు ఆ సంఖ్యనే పెంచుతారు. వచ్చినవాటిలో ఎన్ని పారబోసినారు, ఎందుకు? కిలోన్నర లోపు బిడ్డలు ఎంతమంది వచ్చినారు, వారిలో మొదటి చుక్కనుండి తల్లిపాలో దానపు పాలో అందినవారు ఎంతమంది? ఇంటికి పోయేనాటికి తన తల్లి పాలమీద ఉన్నవారు ఎంతమంది? వరుస వ్రాసిన కాగితము తెలుగులో, అందరికీ కనబడేటట్లు, వార్డు గోడమీద ఉన్నదా? ఆ వరుస తప్పి ఇచ్చినప్పుడు ఎవరు ఇచ్చినారో, ఎందుకు ఇచ్చినారో వ్రాసే పుస్తకము ఉన్నదా? మన కుటుంబములో మనుమడు పుట్టినప్పుడు మనము కూడ ఆ కాగితము చదివి ఊరకుండవలసి వస్తుంది. ఫోను చేయగలవారు ఈ సభలో కూడ కొందరు ఉన్నారని నాకు తెలుసు.

చేతితో పాలు పిండే పద్ధతి, సీసాలు మరగబెట్టే పద్ధతి ఆసుపత్రినుండి వచ్చిన సిస్టరమ్మగారు టీ తరువాత ప్రక్క గదిలో బొమ్మ సహాయముతో చూపిస్తారు. గర్భవతులైన చెల్లెండ్రు, వారి అత్తగార్లు తప్పక వెళ్లండి. గదిపేరు వ్రాసి ఇచ్చినవారు, మంచము ఇస్తామన్నవారు కార్యదర్శిగారి దగ్గర పేరు చెప్పండి.